రిపోర్టు వచ్చేలోగా హెడర్లు

మా ఆవిడకు బయాప్సీ చేసింది శుక్రవారం ఉదయం. పని అయ్యాక నర్సు ఒక కాగితం చేతికిచ్చింది. సోమవారం లేబర్ డే సెలవనీ, ల్యాబ్ మూసి ఉంటుందనీ, మంగళవారం సాయంత్రంలోగా డాక్టరే ఫోన్ చేస్తుందనీ చెప్పింది. ఐస్ ప్యాక్ ఎంతసేపు పెట్టుకోవాలో, ఎంత బరువు ఎత్తకూడదో ఆ కాగితంలో వివరంగా ఉంది. పార్కింగ్ లాట్‌లో నిలబడి దాన్ని రెండుసార్లు చదివాను, ఇంకేదో ఉంటుందని.

ఇంటికొచ్చే దారిలో ఆమె ఒకటే మాట అంది.

"ఎవ్వరికి చెప్పొద్దు. పిల్లకు అసలే వద్దు. ఏందో తెల్సినంక చెప్దాం."

మా అమ్మాయి కాలేజీలో చేరి అప్పటికి రెండు వారాలే. సరేనన్నాను.

శనివారం పొద్దున ఆమె సోఫాలో కూర్చుని ఆఫీస్ మెయిల్స్ చూసుకుంటోంది. సెలవు రోజు మెయిల్స్ ఏమిటని నేనడగలేదు. ఆ గదిలోకి నాలుగుసార్లు వెళ్లాను. నీళ్లు కావాలా అని ఒకసారి, ఐస్ మార్చనా అని ఒకసారి. మిగతా రెండుసార్లు ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఐదోసారి తలుపు దగ్గర నన్ను చూసి ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

"నువ్విట్ల నా చుట్టు తిరుగుతుంటే నాకు ఇంకింత భయమైతుంది. గరాజ్‌లకు పొయ్యి ఏదన్న పని చేస్కో."

గరాజ్‌లో పని ఉంది. మూడేళ్ల కిందట ఒక పాత కారు కొన్నాను. రెండు తలుపులది, ముక్కు పొడుగు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్, నా కంటే వయసులో పెద్దది. చదువుకోవడానికి అమెరికా వచ్చిన కొత్తలో గ్యాస్ స్టేషన్లలో అలాంటి కార్లను నిలబడి చూసేవాణ్ణి. దానికి వేద్దామని తెప్పించిన హెడర్ల పెట్టె వసంతకాలం నుంచీ గోడ పక్కన అలాగే పడి ఉంది. ఇంజన్‌లో కాలిన పొగ బయటికి పోవడానికి రెండు పక్కలా బరువైన పోత ఇనుప గొట్టాలుంటాయి. వాటిని మానిఫోల్డ్స్ అంటారు. అవి తీసేసి, ఒక్కో సిలిండర్‌కు విడిగా ఒక పొడవాటి స్టీలు గొట్టం ఉండే హెడర్లు బిగిస్తే ఇంజన్‌కు ఊపిరి సులువవుతుంది, గొంతు కూడా మారుతుంది. పనంతా చెయ్యి పట్టని సందుల్లో, యాభై ఏళ్లుగా వేడికి కాలి తుప్పుపట్టిన బోల్టులతో. అందుకే వాయిదా వేస్తూ వచ్చాను.

బ్యాటరీ వైరు తీసి, కారును జాకీతో పైకెత్తి నాలుగు స్టాండ్ల మీద నిలిపాను. బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టాను. అది ఇంకడానికి కనీసం గంట ఆగాలి. పావుగంట ఆగాను. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తినా సెప్టెంబరు ఉక్కపోత కదలడం లేదు. ప్యాసింజర్ వైపు బోల్టులు ఏదో దయతలచి వచ్చేశాయి. డ్రైవర్ వైపు ఐదోది రాలేదు. పానకు పొడవాటి పైపు తొడిగి బలమంతా వేశాను. పాన ఒక్కసారిగా తేలికైపోయింది. వదులయిందనుకుని సంతోషించాను. తీరా చూస్తే బోల్టు తల నా చేతిలో ఉంది, మిగతాది ఇంజన్‌లో ఉండిపోయింది.

గంట ఆగి ఉంటే విరిగేది కాదు. ఆ సంగతి తెలిసే చేశాను. చెయ్యి కడుక్కుని లోపలికి వెళితే ఆమె నిద్రపోతోంది. ఊపిరి తీస్తోందా అని కాసేపు నిలబడి చూశాను. పదిహేడేళ్ల కిందట మా అమ్మాయి పొత్తిళ్లలో ఉన్నప్పుడు అలా చూసేవాణ్ణి.

ఆదివారం ఉదయం మానిఫోల్డ్ ఊడదీశాక, విరిగిన బోల్టు వేలెడంత బయటికి కనిపించింది. చిన్న గ్యాస్ టార్చ్‌తో దాన్ని వేడి చేస్తుంటే అంకుల్ వచ్చారు. మాకు రెండిళ్ల అవతల ఉంటారు. పందొమ్మిది వందల డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో పాథాలజిస్టుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా మైక్రోస్కోప్ కింద స్లైడ్లు చూసి, జబ్బు ఉందనో లేదనో రాసిన మనిషి. పొద్దున వాకింగ్‌లో మా గరాజ్ తెరిచి ఉంటే ఆగుతారు.

"ఏమిటి బాబూ, మొత్తం విప్పేశావు?"

"బోల్టు విరిగింది అంకుల్."

"నాకు కార్ల సంగతి ఏమీ తెలీదు. ఆయిల్ మార్చడం కూడా ఏనాడూ చెయ్యలేదు. ఊరికే చూస్తాను, నువ్వు కానీ."

ఆయన మడత కుర్చీలో కూర్చున్నారు. నేను బోల్టు ముక్కను కటింగ్ ప్లేయర్ లాంటి గట్టి పట్టుకారుతో బిగించి, కొంచెం అటూ కొంచెం ఇటూ కదుపుతున్నాను. నాకు ఆయన చేతుల మీదే ధ్యాస. ఎన్ని వేల మంది సంగతి ఆ చేతులు రాసి ఉంటాయి! మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అంకుల్, మా ఆవిడకి శుక్రవారం బయాప్సీ చేశారు. బ్రెస్ట్‌లో. ఇమేజింగ్ రిపోర్టు నా ఫోన్‌లో ఉంది. మీరొకసారి చూస్తారా?"

ఆయన చెయ్యి చాచలేదు.

"చూడని స్లైడ్ గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు బాబూ. ఇప్పుడూ మాట్లాడను."

"ఊరికే, ఎంత అవకాశం ఉందో..."

"నేనేదో ఒకటి అంటాను. మంచి మాటంటే నువ్వు నమ్మవు, చెడ్డ మాటంటే నమ్ముతావు." కుర్చీలో ముందుకు వంగి, "మీ ఆవిడకు తెలుసా, నువ్వు నాకు చెబుతున్నట్టు?" అన్నారు.

తెలియదన్నాను. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి కూడా చెప్పాను.

"మరెందుకు చెప్పావు?"

నేను మళ్లీ పట్టుకారు అందుకున్నాను. ఆయన లేచి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక బోల్టు ముక్క కిర్రుమని కదిలింది, మెల్లగా తిరుగుతూ బయటికొచ్చింది. ఆ సంతోషం రెండు గంటలు కూడా నిలవలేదు. అంకుల్ వాళ్లావిడ, ఆంటీ, క్యారియర్‌తో వచ్చారు. ఉత్త పప్పు, బీరకాయ కూర, చారు. ఒంట్లో బాగోనివాళ్లకు పంపే వంట అది. మా ఆవిడ గుమ్మం దగ్గర క్యారియర్ అందుకుని నవ్వుతూ మాట్లాడి పంపింది. తలుపు వేసి నేరుగా గరాజ్‌లోకి వచ్చింది.

"ఆంటీ నా దిక్కు చూసిన చూపుకే సమజైంది. ఏం చెప్పినవ్ వాళ్లకు?"

"ఆయన పాథాలజిస్ట్ కదా. అడిగితే..."

"నేను వద్దన్న కద. ఒక్కటే అడిగిన నిన్ను."

"నాకు భయం వేసింది."

"నీకు భయమేస్తే పొయ్యి నా సంగతి చెప్పుకుంటవా? మరి నాకు భయమైతే నేనెవరికి చెప్పుకోవాలె?"

నాతో చెప్పుకోవచ్చు కదా అనబోయాను. రెండు రోజులుగా నేను ఆమె పక్కన కాక గరాజ్‌లో ఉన్నానని గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమె లోపలికి వెళ్లింది. ఆంటీ తెచ్చినవి ఇద్దరం వేర్వేరు గదుల్లో తిన్నాం. సాయంత్రం గొట్టాలకూ ఇంజన్‌కూ మధ్య అంటుకుపోయిన పాత గ్యాస్కెట్ ముక్కల్ని గీకుతూ కూర్చున్నాను. అది గంటలో అయ్యే పని. మూడు గంటలు గీకాను.

సోమవారం కొత్త హెడర్లు ఎక్కించాలి. ప్యాసింజర్ వైపుది కింద నుంచి ఒకే ఊపులో వెళ్లింది. డ్రైవర్ వైపుది స్టీరింగ్ రాడ్డుకు తగులుతోంది. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్ వదులుచేసి, చెక్కముక్క అడ్డంపెట్టి, జాకీతో అంగుళం పైకి లేపితే దూరింది. పై నుంచి బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో పట్టిస్తూ వచ్చాను. వెనకవైపు చివరి బోల్టు దగ్గర నా చెయ్యి మణికట్టు దాకా వెళ్లి ఇరుక్కుపోతోంది. నాలుగుసార్లు బోల్టు జారి కిందపడింది. ఐదోసారి పడ్డప్పుడు పాన విసిరికొట్టాను. అది గోడకు తగిలి పెద్ద చప్పుడైంది.

ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏడిదాక వచ్చింది?"

"ఒక్క బోల్టు. చెయ్యి పట్టట్లేదు."

"జరుగు. నా చెయ్యి పడ్తది."

"నువ్వు బరువు..."

"బోల్టు ఎంత బరువుంటది?"

స్టూలు వేశాను. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని కుడి చెయ్యి సందులోకి పోనిచ్చింది. నేను కింద పడుకుని టార్చ్ లైటు పట్టుకున్నాను. రెండు గొట్టాల మధ్య నుంచి ఆమె వేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"కొంచెం పైకి. ఇంకా. అదే రంధ్రం. ముందు చేత్తోనే తిప్పు, బలం వెయ్యకు. వంకరగా ఎక్కితే మరలు పాడైపోతాయి."

"తెల్సు తియ్యి." కొంతసేపు వేళ్లు వెతుక్కున్నాయి. తరువాత పైనుంచి ఆమె గొంతు వినిపించింది. మొహం కనబడడం లేదు. "నిన్న కోపం నీ మీద వచ్చింది గని, అంత నీ మీదనే కాదు."

నేను లైటు ఆమె వేళ్ల మీదే నిలిపాను.

"నాకు సచ్చుడు భయం అంత లేదు. రేపటి నుంచి అందరు నన్ను ఆంటీ చూసినట్ల చూస్తరేమో, అదే భయం. నువ్వు గూడ శుక్రవారం నుంచి అట్లనే చూస్తున్నవ్."

"ఎలా చూడాలో నాకు తెలియట్లేదు."

"తెల్వకపోతే తెల్వదని చెప్పు. తలుపు కాడ నిలబడి చూడకు." మళ్లీ వేళ్లు కదిలాయి. "పట్టింది. తిరుగుతుంది."

నిజంగానే తిరుగుతోంది. నేను కింద నుంచి లేవబోయి నుదుటికి గొట్టం కొట్టుకున్నాను. ఆమె నవ్వింది, శుక్రవారం తరువాత మొదటిసారి. బోల్టులన్నీ మధ్య నుంచి చివరలకు వరసగా బిగించాను. మౌంట్ దించి, కింద పైపులు కలిపి, స్పార్క్ ప్లగ్గులు, వైర్లు పెట్టేసరికి నాలుగైంది. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. మొదట దగ్గింది, తరువాత అందుకుంది. కొత్త గొట్టాల మీది నూనె కాలి గరాజంతా తెల్లటి పొగ. శబ్దం చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినిపించింది. ఆమె చెవులు మూసుకుని డ్రైవ్‌వేలోకి పరుగెత్తి, అక్కణ్ణుంచి ఏదో అరిచింది. నాకు ఒక్క ముక్కా వినపడలేదు. ఎదురింటాయన బయటికొచ్చి చూశాడు. వారం తిరక్కుండా కాలనీ ఇళ్ల సంఘం హెచ్‌ఓఏ నుంచి శబ్దం గురించి ఉత్తరం వచ్చింది.

మంగళవారం ఇద్దరం ఇంటి నుంచే పనిచేశాం. మూడున్నర దాటాక ఫోన్ మోగింది. ఆమె స్పీకర్‌లో పెట్టింది. క్యాన్సర్ కాదంది డాక్టరు. అయితే కణాలు మామూలుగా లేవు, అవి ఉన్న కాస్త భాగం తీసేయాలి, ఆ తరువాత ఆరు నెలలకోసారి చూస్తుండాలి. నాలుగు రోజులుగా నేను రెండు జవాబులకే సిద్ధపడ్డాను. ఈ మూడోదానికి సంతోషించాలో లేదో తెలియలేదు. తెలియట్లేదని ఆమెకు చెప్పాను.

"నాకు గూడ," అంది. వెంటనే అమ్మాయికి ఫోన్ చేసింది.

"వై డిడిన్ట్ యూ టెల్ మీ, అమ్మా? నేను బేబీ కాదు," అని అమ్మాయి ఏడ్చింది, తరువాత గంటసేపు ప్రశ్నలడిగింది. మరుసటి రోజు మా ఆవిడే క్యారియర్ తీసుకుని అంకుల్ వాళ్లింటికి వెళ్లి, రిపోర్టు ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండు పేజీలూ నిదానంగా చదివి, డాక్టరు చెప్పినట్టు చెయ్యమన్నారట. అంతకంటే ఏమీ అనలేదట.

అక్టోబరులో ఆపరేషన్ అయింది. బాగానే ఉంది. ఆరు నెలలకోసారి వెళ్తున్నాం. వెళ్లే ముందు వారం నేను ఇంట్లో ఒకచోట నిలవలేను. మొన్న ఏప్రిల్‌లో శనివారం పొద్దున డిష్‌వాషర్ విప్పాను. దానికి ఏ జబ్బూ లేదు. వంటింటి నేల మీద పరిచిన సామాన్ల మధ్య ఆమె అడుగులు వేసుకుంటూ వచ్చి, కాఫీ కప్పుతో కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"అయ్యేదాక ఈడనే కూర్చుంట," అంది. "ఏ ముక్క ఏడ తీసినవో చెప్పుకుంట చెయ్యి."