యాకూబ్ చాచా హెడ్‌ఫోను

1984. ఖమ్మంలో నేను రేడియో రిపేరు షాపు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. అటు భద్రాచలం అడవి పల్లెల నుంచి, ఇటు మధిర నుంచి సెట్లు వచ్చేవి. ఎలుకలు కొరికినవి, వానకు తడిసినవి, ఇంట్లో పిల్లలు విప్పి పోసినవి అన్నీ ఓపిగ్గా బాగుచేశాను. ఆ ఓపికంతా తినేసింది మాత్రం ఒక పాత హెడ్‌ఫోను, దాన్ని తెచ్చిన యాకూబ్ చాచా.

చాచా టైలరు. చూపు తగ్గి తగ్గి ఆ ఏడాదే మిషన్ మానేశాడు. ఇక ఆయనకు పేపరైనా, పాటైనా, కాలక్షేపమైనా రేడియోనే. బజారు పక్కన ఒక్క గదిలో కాపురం. కూతురు రజియా పెద్ద దవాఖానాలో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీలే. ఆమె పగలు పడుకోవాలి, ఈయన పగలు రేడియో వినాలి. అందుకని, మిలటరీ పాత సామాన్ల వేలంలో ఎప్పుడో కొన్న హెడ్‌ఫోనును తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీన్ని రోజూ ఇనేటట్టు చెయ్యి బేటా. నా రేడియో లొల్లికి పిల్లకు నిద్ర ఉంటలేదు."

అది వైర్‌లెస్ ఆపరేటర్లు టిక్కుటిక్కులు వినడానికి చేసిన సరుకు. ఇనుప పట్టీ నెత్తిని కొరికేస్తుంది. దాని ఇంపీడెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మన ట్రాన్సిస్టర్ రేడియోకు మరీ ఎక్కువ. నేరుగా కలిపితే దోమ రొదంత వినిపిస్తుంది. చెడిపోయిన వాల్వ్ సెట్టులోంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి మధ్యలో వేశాను. ఎడమ కప్పులో తెగిన కాయిల్ తీగను అతికించాను. గుడ్డ చుట్టిన వైరు పీకేసి కొత్తది వేశాను. చెవులకు మెత్తలు చాచానే తడుముకుంటూ కుట్టుకొచ్చాడు. కళ్లున్నవాళ్లు కూడా అంత సాపుగా కుట్టలేరు.

మర్నాడే తిరిగొచ్చాడు.

"ఒక్కో చెవికి పెడితే వార్తలాయన ఎదురుంగ కూసుని మాట్లాడుతుండు. రెండూ పెడితే లేచి గోడ అవతలికి పోతుండు. మాట సమజ్ అయితలేదు."

ఇదేం ఫిర్యాదండీ! కుడి కప్పు విన్నాను, బాగుంది. ఎడమది విన్నాను, అదీ బాగుంది. బ్యాటరీలు మార్చుకోమని పంపాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. కొత్తగా వేసిన వైరునే ఇంకోసారి మార్చాను. మళ్లీ వచ్చాడు. ఒక్క చెవితోనే వినమన్నాను. రెండో చెవికి బజారంతా వినబడుతుందన్నాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగోసారి రేడియో కూడా చంకలో పెట్టుకొచ్చాడు.

"ఈ రేడియో ఎవరికన్నా ఇచ్చెయ్యి. హెడ్‌ఫోన్ల ఏం సమజ్ అయితలేదని నిన్న పగలు రేడియోనే సౌండ్ పెట్టుకున్న. రాత్రి పిల్ల డ్యూటీల కునుకు తీసిందంట. ఇంకోసారైతే పైకి రాస్తమన్నరంట. దాని నౌకరీ కంటె ఎక్కువనా నాకు రేడియో?"

జాలి పడాల్సిన చోట నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎన్నిసార్లు చూడాలె చాచా? దీంట్ల ఏం ఖరాబు లేదు. నువ్వే చెవుల డాక్టరుకు చూపించుకో!"

షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. చాచా నవ్వలేదు.

"కండ్లు పోయినయన్నరు, ఒప్పుకున్న. చెవులు గూడ పోయినయంటే ఒప్పుకోను. నువ్వు ఒక్కసారన్న పెట్టుకున్నవా దీన్ని?"

"చెప్తున్న గదా, ప్రతిసారి ఇన్న!"

"ఇనుకుంటనే నాతోని ముచ్చట పెట్టినవ్. రెండు చెవులు మూసుకున్నోడు గట్ల మాట్లాడుతడా?"

ఒక చెవి సెట్టుకు, ఒక చెవి గిరాకీకి అని మా గురువు నేర్పిన పద్ధతి. చెవికీ భుజానికీ మధ్య ఒక కప్పు నొక్కిపట్టి, చేతులతో వేరే పని చేసుకుంటూ వినడమే నాకు అలవాటు. రెండూ కలిపి ఒక్కనాడూ పెట్టుకోలేదు.

విసురుగానే పెట్టుకున్నాను. వార్తలు చదివే గొంతు పల్చబడి, తలకు బయట ఎక్కడో తేలుతోంది. తప్పు అప్పుడు తెలిసింది. తెగిన తీగ అతికించేటప్పుడు రెండు కొసలు తారుమారు చేశాను. ఫేజ్ తప్పడం అంటాం దీన్ని. ఒక కప్పులో సౌండు పుట్టించే రేకు ముందుకు కదిలితే రెండోదాంట్లో వెనక్కి కదులుతుంది. విడివిడిగా వింటే ఏ లోపమూ తెలియదు. టంకం విప్పి కొసలు మార్చడం రెండు నిమిషాల పని. దానికి చూపులేని మనిషిని నాలుగుసార్లు నడిపించాను, పైగా నలుగురిలో నవ్వులపాలు చేశాను.

సరిచేసి ఆయన తలకు పెట్టాను.

"వార్తలాయన మళ్ల ఎదురుంగకొచ్చిండు," అన్నాడు.

"మాఫ్ చెయ్యి చాచా," అన్నాను. వినపడలేదు. ఒక కప్పు పక్కకు జరిపి మళ్లీ చెప్పాను.

"నాకెందుకు చెప్తవ్? నిద్ర పోగొట్టుకున్నది పిల్ల," అని రేడియో చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి హెడ్‌ఫోను ఏదొచ్చినా రెండు చెవులకూ పెట్టుకుని, ఒక వార్తల బులెటిన్ మొత్తం విన్నాకే బల్ల మీంచి దించుతున్నాను. గురువు మాట తీసేసినట్టే. ఆ పది నిమిషాలు కౌంటర్ దగ్గర ఎవరు పిలిచినా పలకను. పొగరెక్కిందని తిట్టుకునేవాళ్లున్నారు. తిట్టుకోనీ.