బాబా దారిలో కువైట్

చందా ఇచ్చినవాడి పేరు ట్యూబులైటు మీద నల్లరంగుతో రాయించే మనుషుల మధ్య పెరిగాను. సగం వెలుతురు ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. మదనపల్లెలో మా వీధి రామాలయంలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు ఉంది. ఫ్యాను తిరిగితే తన పేరు కనపడడం లేదని దాతగారు అలిగితే, ఒక ఉత్సవమంతా ఆ ఫ్యాను ఆపేసి జనాన్ని ఉక్కపోతలో కూర్చోబెట్టారు. ఒకప్పుడు ఇలాంటివి చూస్తే నవ్వొచ్చేది. ఇప్పుడు రోత పుడుతోంది. పుంగనూరు దర్గాలో రాయి పెట్టిన దగ్గర్నుంచి ఆ రోత మరీ ఎక్కువైంది.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. పుంగనూరు బయట ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ముజావరు నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలుస్తాను. పగలంతా బజారులో దూది ఏకి పరుపులు కుడతాడు. సాయంత్రం దర్గాలో దీపం పెడతాడు. ఏటా ఉరుసులో గంధం లోపలికి వెళ్ళే ముందు ఆయన గడప దగ్గర నిలబడి, ఆ దర్గాలో సమాధి అయిన బాబా వందల ఏళ్ళ కిందట తన దేశం నుంచి వస్తూ ఎక్కడెక్కడ దిగాడో ఆ ఊళ్ళ పేర్లు పిలుస్తాడు. ఒక్కో పేరుకు గడప మీద ఒక్కో గంధపు బొట్టు పెడతాడు. జనం 'దీన్' అని కేక వేస్తారు. ఆ జనంలో సాయబులూ ఉంటారు, గొర్రెలు కాచుకునే పల్లెవాళ్ళూ ఉంటారు. ఆఖరున పుంగనూరు పేరు పిలిచాకే గంధం లోపలికి పోతుంది.

సిర్రాపు, కైసు, ఉర్మూజు, దేవలు, కమ్మాయి, సందాపురి, మాబరు. ఇవీ ఆ పేర్లు. ఆయన వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు, ఆ నాయన వాళ్ళ నాయన దగ్గర. అవి ఎక్కడి ఊళ్ళో ఆయనకూ తెలీదు. సందాపురి ముళబాగిలు దాటాక వస్తుందని దర్గా కమిటీలో ఒకాయన అందరికీ ధీమాగా చెబుతుండేవాడు.

ఒకరోజు ముజావరు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

"సారూ, నా కొడుకులకి ఇది పట్టలేదు. ఒకడు బెంగుళూరులో ఉండాడు. ఇంకొకడికి జనం ముందర నిలబడి అరిసేది సిగ్గంట. నేను పోతే ఈ పేర్లు నాతోనే పోతాయి. కమిటీవోళ్ళు రాయి మీద చెక్కిస్తామంటాండారు. అవి యాడియాడివో, ఆ కాలంలో ఎట్లా పిలుస్తాండ్రో సూసి రాసియ్యప్పా. తప్పు పోతే బాబా దారి తప్పినట్టే" అన్నాడు.

అప్పటి నుంచి నాకు వేరే పని లేకుండా పోయింది. ముందు ఫోనులో వెతికాను. అక్కడ ప్రతి పేజీ ఇంకో పేజీ ఎంగిలి. ఒకడు ఎక్కడో తప్పు రాస్తాడు, మిగిలినవాళ్ళంతా దాన్నే నమిలి ఉమ్ముతారు. ఈనాటి దేశాల పటం మీద ఈనాటి పేర్లు రాసి, పైన 'మధ్యయుగం' అని అందమైన అక్షరాలతో పెడతారు. చదువుకున్నవాళ్ళం చేసే పని ఇదీ. తెలుగులో వచ్చిన పుస్తకాలైనా నయమా అంటే, అరబ్బు పేరును ఇంగ్లీషులో చూసి, తోచినట్టు పలికి, అదే రాసేశారు. ఆ ఊరివాడు వింటే తన ఊరని గుర్తుపట్టలేడు.

చివరికి పాత అరబ్బు నావికులూ, పారశీక భూగోళకారులూ రాసినవాటి అనువాదాలు పట్టుకున్నాను. అసలు సంగతంతా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అరబీ అక్షరాల దగ్గర సందేహం వస్తే మదనపల్లెలోనే మదరసాలో పాఠం చెప్పే ఒకాయన్ను అడిగేవాణ్ణి. ఆయన టీ తాగుతూ ఒక్కో అక్షరం పలికి వినిపించేవాడు. మెల్లగా ఒక్కో పేరూ పట్టుబడింది. సిర్రాపు అంటే సీరాఫ్, పారశీక తీరంలో పెద్ద రేవు. కైసు ఆ తీరానికి ఎదురుగా ఉన్న దీవి. అరబ్బులు ఖైస్ అనేవారు, పారశీకులు కీష్ అనేవారు. ఉర్మూజు హుర్ముజ్. ఆ పట్నం మొదట గట్టు మీద ఉండి, తర్వాత దీవిలోకి మారింది. బాబా ఏ హుర్ముజ్‌లో దిగాడో చెప్పలేం. దేవలు సింధు దేశపు దైబుల్. అది కచ్చితంగా ఎక్కడ ఉండేదో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కమ్మాయి గుజరాత్ రేవు ఖంబాయత్. ముళబాగిలు దాటాక వస్తుందన్న ఆ సందాపురి, గోవాకు అరబ్బులు పెట్టుకున్న పేరు సందాబూర్. మాబరు మన తమిళ తీరం, మఅబర్. దాటే చోటని దాని అర్థం.

పడమటి నుంచి తూర్పుకు వరుస ఎక్కడా తప్పలేదు. బాబా నిజంగా ఆ దారినే వచ్చాడని దీంతో రుజువు కాదు. కానీ ఆ పేర్లు జనం నోళ్ళలో ఉన్న కాలంలో, ఆ దారి తెలిసినవాడు ఎవడో ఈ వరుస కట్టాడు. నిన్నమొన్న కల్పించిందైతే అందులో బొంబాయి ఉండేది. నాకు దేనికీ తొందరగా సంతోషం కలగదు. ఆ రోజు మాత్రం ఇంట్లో కాళ్ళు నిలవక వీధి చివరిదాకా నడిచి వచ్చాను. పరుపులు కుట్టుకునే మనిషి నోట ఇంత దూరం నుంచి వచ్చిన దారి చెదరకుండా ఉందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శుభ్రంగా రాసి కమిటీ పెద్దకు ఇచ్చాను. ఆయనకు టమాటా మండీ ఉంది. "సూపర్ సారూ" అని జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు, చెక్కే ముందు ఒకసారి చూసుకోమని కుప్పం రమ్మన్నాడు. రాళ్ళ ఫ్యాక్టరీలో ఎక్కడ చూసినా బూడిదరంగు బురద. నిగనిగలాడే నల్లరాయి మీద రబ్బరు షీటు అతికించి, అక్షరాలు కత్తితో కోసి ఉంచారు. దాని మీద యంత్రంతో ఇసుక కొడతారు. రబ్బరు తీసేసిన చోటల్లా రాయి గుంటపడుతుంది. ఆ తర్వాత దిద్దుకోవడమంటూ ఉండదు.

వంగి చదివాను. కువైట్. దోహా. దుబాయ్. మస్కట్. రియాద్. బహ్రెయిన్. ఒక్కో ఊరి పక్కన 'సౌజన్యం' అని ఒక్కో దాత పేరు, ఊరి పేరు కంటే పెద్ద అక్షరాల్లో. సీరాఫ్ లేదు, ఖైస్ లేదు, హుర్ముజ్ లేదు.

"ఇదేందప్పా?" అన్నాను.

"ఒక్కో ఊరికి ఒక్కో దాతను పెట్టుకుంటిమి సారూ. నువ్వు రాసిచ్చిన ఊర్లకి ఎవురూ ముందుకు రాలేదు. ఆ ఉర్మూజులో మనోళ్ళు ఎవురుండారు సెప్పు? కువైట్ అంటే నలుగురు పోటీ పడినారు" అన్నాడు కమిటీ పెద్ద.

"కువైట్ అనే పేరే అప్పటికి లేదయ్యా!"

"బాబా మహిమ గలోడు సారూ. అట్లా పోయి రాలేడా?"

ఒళ్ళు మండిపోయింది. అయినా రాయి ఇంకా దెబ్బ తినలేదు కదా అని బేరానికి దిగాను. పోనీ ఈ ఊళ్ళకే అప్పటి పాత పేర్లయినా పెట్టండి అన్నాను. కువైట్ ఉన్న చోటును అప్పట్లో కాజిమా అనేవాళ్ళు. రియాద్ చోట హజ్ర్ ఉండేది. బహ్రెయిన్ అంటే అప్పుడు అరేబియా నేల మీది తీరప్రాంతం, ఈ దీవి పేరు ఉవాల్. అబద్ధపు దారికి నిజమైన పేర్లు సరఫరా చేస్తున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. కమిటీ పెద్ద అక్కడికక్కడే కువైట్ దాతకు ఫోన్ కలిపాడు. ఆ దాత ఎవరి ఇంట్లోనో డ్రైవరు.

"కాజిమానా? యాడుండాది సారూ అది? ఈడ ఉండేదానికిచ్చిన నా అకామా కార్డులో కువైట్ అనే ఉండాది. ఇన్నేండ్లు ఈడ ఎండలో మాడతాండాను. మా యమ్మ వచ్చి ఆ పేరు తడిమి సూసుకోవాల. యాల సారూ మారుస్తావు?" అన్నాడు.

ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టలేను. అతని ఎండను అమ్ముకుంటున్న ఈ మండీ మనిషితోనే మళ్ళీ వాదనకు దిగాను. మాట్లాడుతుండగానే ఇసుక యంత్రం మొదలైంది.

ఆ సాయంత్రమే పుంగనూరు వెళ్ళి ముజావరుకు చెప్పాను. ఆయన దూదిలోంచి తలెత్తి, "పెట్టుకోనీ సారూ. రాయి వాళ్ళది. నా నోట్లో ఉండేది నాకుంటాది కదా" అన్నాడు. ఆ మాట పట్టుకుని కాస్త ఊరట పడ్డాను.

ఉరుసు వచ్చింది. రాయిని గడప పక్కనే నిలబెట్టి పూలు చుట్టారు. గల్ఫ్ నుంచి దాతలు వీడియో కాల్‌లో చూస్తున్నారు, వాళ్ళకు కనపడేలా నాలుగైదు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ముజావరు గంధంలో వేలు ముంచి "సిర్రాపు" అన్నాడు. కమిటీ పెద్ద మైకు పక్కకు లాగి, "అది కాదన్నా, రాయిలో ఉండేది సెప్పు. కువైట్" అన్నాడు. ముజావరు రాయి వైపు చూశాడు. వేలి మీది గంధం కారుతోంది. తర్వాత "కువైటు" అని బొట్టు పెట్టాడు. ఎన్నడూ లేనంత గట్టిగా 'దీన్' అని కేక లేచింది, దాని వెనకే ఈలలు. ఆ ఈలలు వినలేక, రాయి వైపు మళ్ళీ చూడకుండా వచ్చేశాను. కమిటీవాళ్ళు కట్టిచ్చిన బిర్యానీ పొట్లం బస్టాండులో ఒక ముసలామె చేతిలో పెట్టాను. అది తింటే అరిగేది కాదు.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాను. కనీసం ఆయన గొంతైనా ఫోనులో పట్టి దాచుకుందామని. అడిగితే సంతోషపడ్డాడు. చేతులు కడుక్కుని, తలకు రుమాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"కువైటు, దోహా, దుబాయి..."

"అన్నా, అది కాదు. మీ నాయన చెప్పింది చెప్పు."

"మా నాయన సెప్పిందే కదప్పా ఇది."

"కాదన్నా. సిర్రాపు, కైసు..."

ఆయన కళ్ళు తెరిచి నన్ను అనుమానంగా చూశాడు. "కైసా? అది రాయిలో లేదే సారూ" అన్నాడు. అది ఆయనే నాకు చెప్పిన పేరని గుర్తుచేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను మరిసిపోయింటాను గానీ నువ్వు తప్పు రాయవులే. పక్కింటి అమ్మాయి సదివి సెప్పింది. రాయి కింద నీ పేరే ఉండాదంట కదా."

ఫోను ఆపేసి దర్గాకు నడిచాను. కింది వరుస కనపడాలంటే నేల మీద మోకాళ్ళూనాల్సి వచ్చింది. ఎండిన పూలు పక్కకు తోశాను. 'చరిత్ర ఆధారాలు సేకరించి ఇచ్చినవారు' అని ఉంది. దాని కింద ఇంటిపేరుతో సహా నా పేరు, చివర 'గారు'. నాలుగుసార్లు చదివాను. ఆ రాయి మొత్తంలో తప్పు లేకుండా చెక్కింది అదొక్కటే.