గెలిచిన కత్తి

సీటుబెల్టు కోయడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, నాకేం పోయింది. కానీ బోల్తాపడ్డ కారులో తలకిందులుగా వేలాడుతున్న మనిషిని అడిగితే తెలుస్తుంది, ఆ రెండంగుళాల పట్టీ తెగడమంటే ఏమిటో. కత్తి కోస్తుందో లేదో ఆ మనిషి మీద పరీక్ష పెట్టలేం కదా. ఎవరో ఒకరు ముందే కూర్చుని కోసి చూడాలి. ఆ రెస్క్యూ స్టేషనులో ఇరవై ఆరేళ్ళుగా ఆ పని స్టోరాయనది.

ఆయనకి పేరు లేకపోలేదు. హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు, అంతే. బళ్ళ షెడ్డు వెనకాల కిటికీ లేని స్టోరు గది ఆయనది. మూడు గోడలకీ అరలు, అరల్లో హెల్మెట్లు, తాళ్ళు, చేతి తొడుగులు. గది మధ్యలో ఒక పాత కారు డ్రైవరు సీటు, నేలకి బోల్టులతో బిగించి ఉంటుంది. అందులో డెబ్భై కిలోల ఇసుకబస్తా కూర్చుని ఉంటుంది. పొద్దున్నే వచ్చి బస్తాకి బెల్టు పెట్టి, "ఊఁ, బయల్దేరదామా?" అంటాడు స్టోరాయన. చాలా రోజులు ఆయన సాయంత్రందాకా నోరు విప్పి మాట్లాడేది ఆ బస్తాతోనే.

మనిషి నిప్పులు కడిగే రకం. పాత కార్లు విరగ్గొట్టే యార్డు నుంచి బెల్టులు మూటలుగా తెప్పించుకుంటాడు. మడతకత్తులు కొత్తవి ఎప్పుడొచ్చినా ఒక్కోదాన్నీ మూడు రకాలుగా చూస్తాడు. బెల్టు బిగుతుగా ఉన్నప్పుడు, వదులుగా ఉన్నప్పుడు, తడిసినప్పుడు. బిగుతుగా ఉంటే వంటింటి చాకు కూడా కోస్తుందని తీసిపారేస్తాడు. అసలు పరీక్ష వదులు బెల్టుతో. నున్నటి అంచున్న కత్తి కింద అది జారిపోతుంది. రంపపు పళ్ళున్న కత్తి అయితే పట్టుకుంటుంది గానీ, పోగులు లేచి పళ్ళ మధ్య ఇరుక్కుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. కొక్కెం కత్తి మనిషి ఛాతీకి గీటు పడకుండా కోస్తుంది, బెల్టు రెండు మడతలు పడిందా, కొక్కెం నోట్లోకే దూరదు. ఏది ఎన్ని లాగులకి తెగిందో పలక మీద గీతలు గీస్తాడు. తక్కువ గీతలున్నది గెలిచినట్టు.

ఆ స్టేషనులో ఒక ఆనవాయితీ ఉండేది. గెలిచిన కత్తిని, అదే కత్తిని, మొదటి బండి నాయకుడి నడుముకి కట్టేవాళ్ళు. పరీక్షకి నిలబడ్డ కత్తి కదా, దానికన్నా నమ్మకమైనది ఏముంటుందని. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇరవై మంది తెలివైనవాళ్ళున్న చోట ఒక్కడికైనా తట్టలేదు చూడండి, పరీక్షలన్నీ గట్టెక్కిన కత్తి అంటే అన్నిటికన్నా ఎక్కువ అరిగిన కత్తి అని.

పదకొండేళ్ళ కిందట అలా కత్తి అందుకున్నది స్టోరాయన బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. తనవాడికి ఇవ్వబోతున్నానన్న సంబరంలో స్టోరాయన ఆ ఎర్రపిడి కత్తితో పరీక్ష అయిపోయాక కూడా కోస్తూనే పోయాడు. ఎక్కడ ఆగుతుందో చూద్దామని. అరవై మూడు బెల్టులు కోసింది. పాత బెల్టుల నిండా దుమ్మూ ఇసుకా, అవి అంచుని కొరికేస్తాయి. చివర్లో నాలుగు లాగులు పట్టింది. అయినా అరవై మూడు కోసిందన్న మురిపెమే కనపడింది గానీ ఆ నాలుగు గీతలు ఆయన కంటికి ఆనలేదు.

రెండు వారాలకి ఒక కారు వంతెన మీంచి కాలవలో పడింది. లోపల ఒక నర్సు, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న మనిషి. బావమరిది నడుము లోతు నీళ్ళలో నిలబడి కోశాడు, కోశాడు. బెల్టు సగం చీలి అక్కడే ఆగింది. రెండో బండి వాళ్ళు వచ్చి ఒక్క లాగుతో కోసేసరికి నీళ్ళు ఆమె తల దాటాయి.

విచారణలో అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అతనే అన్నాడు, నా చెయ్యి ఆడలేదు అని. రాజీనామా చేశాడు. కత్తి స్టోరుకి తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే స్టోరాయన దాన్ని వదులు బెల్టు మీద పెట్టి లాగాడు. జారింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ జారింది. తలుపు గడియ పెట్టి కత్తిని సొరుగు అడుక్కి తోసేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఏడాది తిరిగింది. ఏడాది తర్వాత చెప్పడం ఇంకా కష్టం. "మా తమ్ముడు అలా అయిపోయాడేమిటండీ" అని భార్య అడిగిన ప్రతిసారీ బట్టలు మడతపెట్టే పనేదో కల్పించుకునేవాడు. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఆవిడకీ చెప్పలేదు.

ఆవిడ పోయాక స్టోరాయన ఉండే మేడమీది రెండు గదులకీ వచ్చే మనిషి ఒక్కడే, ఆ బావమరిదే. ఆదివారం నాలుగింటికి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. టీ పోస్తుంటే, "సగమే పొయ్యి బావా, నా చేతుల సంగతి నీకు తెలుసుగా" అనేవాడు. అతని చేతులు వణకవు. ఎవరు చూసినా రాయిలా ఉంటాయి. అతనికే నమ్మకం లేదు. కూతురికి పాప పుట్టి ఏడాదిన్నర అయినా ఒక్కసారి ఎత్తుకోలేదట. అది చేతులు చాపితే అతను చేతులు వెనక్కి కట్టుకుంటాడట. ఆ ముచ్చట చెప్పి నవ్వేవాడు. స్టోరాయనకి ఆ నవ్వు పుండు మీద కారం.

చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆదివారాలు పోతాయి. ఆ ఒక్క గంట పోతే వారమంతా తనూ, బస్తా. అందుకే పదకొండేళ్ళు నోరు కుట్టుకున్నాడు. ఇందులో ప్రేమ ఎంతో, పిరికితనం ఎంతో మీరే తేల్చండి, నా వల్ల కాదు.

ఈ ఏడు మళ్ళీ కత్తులొచ్చాయి, ఆరు రకాలు. నల్లపిడిది గెలిచింది. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మకి ఎవరో ఆనవాయితీ గురించి చెప్పారు. ఆమె స్టోరుకి వచ్చి, సోమవారం మొదటి బండికి ఆ కత్తి కట్టిద్దాం అంది. స్టోరాయన ఆ కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"ఇది వద్దమ్మా. ఇది అరిగిపోయింది. ఇదే రకం సీలు విప్పనిది ఇవ్వండి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అవును కదా, అంత మామూలు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదా అని నవ్వి వెళ్ళిపోయింది. అంతే. అర నిమిషం పట్టింది. పదకొండేళ్ళు గొంతులో అడ్డుపడ్డ మాట, బయటికి రావడానికి అర నిమిషం. స్టోరాయన ఇసుకబస్తా పక్కన నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఆదివారం బావమరిది వచ్చేసరికి కిటికీ ఊచకి బెల్టు ముక్క కట్టి ఉంది, వదులుగా. బల్ల మీద రెండు కత్తులు. ఎర్రపిడి చూడగానే అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎందుకు బావా ఇవన్నీ అన్నాడు. ఒక్కసారి కొయ్యరా, నా మాట విను అని బతిమాలాడు స్టోరాయన. అతను ఎర్రపిడి కత్తి తీసుకున్నాడు. లాగాడు. ఆరుసార్లు లాగాడు. పోగులు లేచాయి, బెల్టు తెగలేదు.

"చూశావా," అన్నాడు కత్తి దించి. "అదే చెయ్యి."

స్టోరాయన రెండో కత్తి అతని అరచేతిలో పెట్టాడు. సీలు అప్పుడే విప్పినది. ఒక్క లాగు. బెల్టు ముక్క అతని కాళ్ళ దగ్గర పడింది.

"చెయ్యి కాదురా, కత్తి. నీకిచ్చే ముందు నేనే దాన్ని అరవై మూడు బెల్టుల మీద అరగదీశాను."

బావమరిది కింద పడ్డ ముక్కని చూస్తూ అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే."

"అక్కకి?"

"చెప్పలేదు."

అతను అరవలేదు. అరిస్తే బాగుండేది. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. తర్వాత ఎర్రపిడి కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. "పదకొండేళ్ళు బావా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సోమవారం స్టోరాయన జరిగిందంతా కాగితం మీద రాసి ఆఫీసరమ్మకి ఇచ్చాడు. పరీక్షించిన కత్తి బండెక్కకూడదని ఆమె ఆర్డరు వేసింది. మిగతాది పైవాళ్ళకి పంపుతాను, ఏమవుతుందో చెప్పలేను అంది. ఏమైనా పర్వాలేదమ్మా అన్నాడు.

మరుసటి ఆదివారం నాలుగయింది, అయిదయింది. ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం కూడా అంతే. తెలిసిన సంగతే అయినా మెట్ల మీద చప్పుడైతే చాలు, లేచి వెళ్ళి తలుపు తీసేవాడు. కింది వాటా వాళ్ళే.

మూడో ఆదివారం అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో నిండుగా, ఒకదాంట్లో సగం పోశాడు. పోశాక గానీ చేసిన పని తెలియలేదు. తనని తాను తిట్టుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. వీధికి అవతలి పక్క బావమరిది నడిచి వెళ్తున్నాడు. చంకలో మనవరాలు ఉంది. అది జుట్టు పట్టుకుని లాగుతుంటే ఒక చేత్తో దాని చెయ్యి విడిపించి, బుగ్గ మీద ముద్దుపెట్టి, రెండు చేతులతో గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. పాప కిలకిలా నవ్వింది. మళ్ళీ ఎగరేశాడు.

మేడ వైపు తలెత్తలేదు. మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

స్టోరాయన కుర్చీలో కూర్చుని, తన గ్లాసు ఖాళీ చేసి, ఆ సగం గ్లాసు కూడా తనే తాగాడు.