కడగకూడని కుండ

పోయిన నెల మా మేనత్త ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆఖరి మూడు రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే, రెండు గుక్కల అంబలి. అదే ఇవ్వలేకపోయాను.

మొగల్తూరులో చేపల తట్టలతో బయల్దేరే ఆడవాళ్ళు పొద్దున్నే ఆవిడ గుమ్మం దగ్గర ఆగి అంబలి తాగి వెళ్ళేవారు. చోళ్ళు, అదే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి తిరగలితో విసిరేది. ఆ పిండితో జావ కాచి, చల్లారాక కుండలో పోసేది. వేరే తోడేమీ ఉండదు. కుండ ఎప్పుడూ కడగదు. గోడలకంటిన నిన్నటి పులుపే ఇవాళ్టిదాన్ని పులియబెడుతుంది.

డిగ్రీ అయ్యి, ఇంట్లో కాలు నిలవక నేనూ అక్కడికే పోయేదాన్ని.

"దీనికి డిగ్రీ ఉందర్రా, ముక్కే లేదు. పులిసిందేదో పాడైందేదో తెలీదు" అనేది అత్తయ్య.

"పోన్లే పిన్నీ, ముక్కుపుడక ఖర్చు తప్పింది!" అని వాళ్ళు నవ్వేవాళ్ళు.

మొలకలెందుకని ఓసారి అత్తయ్యని అడిగాను.

"మేం మొలకెత్తించలేదే. తుపానుకి కప్పెగిరి, తడిసిన గింజలు అవే మొలిచాయంట. పారేస్తే తినడానికి ఇంకేం లేదు. మా అమ్మమ్మ ఎండబెట్టి కాచింది. రేపటికుండాలని దాచింది. దాచింది పులిసింది. అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారంట. రుచి కోసం పుట్టింది కాదే ఇది."

అంబలి అంతకంటే చాలా పాతదని నాకు తెలుసు. మా ఇంట్లో దాని పుట్టుక మాత్రం అదే.

ఆవిడ ఆసుపత్రిలో చేరిన రోజు ఇల్లు సర్దడానికి వెళ్ళాను. కుండలో తెల్లటి తెట్టు, ఘాటు వాసన. కడగదని తెలుసు, ఎందుకో అప్పటికి తెలీదు, బద్ధకమనుకున్నాను. సబ్బుపొడేసి మూడుసార్లు తోమాను.

మర్నాడు అంబలి అడిగింది. జావ కాచి, పులుపు కోసం పెరుగు కలిపి తీసుకెళ్ళాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"కుండ కడిగావా?"

"కడిగానత్తయ్యా."

పెదవి చివర నుంచి జావ కారింది.

"పోన్లే. మూతి తుడు."

ఆ తర్వాత ఏమీ అడగలేదు.

దినం అయిన మర్నాడు తట్టలవాళ్ళు అలవాటుగా ఆగారు. నేను చేసింది చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. దినానికొచ్చిన మా అమ్మ టీ ఇస్తే మొహమాటానికి అందుకుని అరుగు మీద పెట్టారు. తట్టలు నెత్తికెత్తుకుని రోడ్డెక్కారు. గ్లాసులన్నీ వరసగా అలాగే ఉండిపోయాయి, పైన తొరక కట్టి.