ఎలిసియో మావయ్యకి సెక్యూరిటీ క్లియరెన్స్

ఎలిసియో మావయ్య కడుపులో మాట దాగదు. అమెరికాలోని నార్‌ఫోక్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్లు ఏదైనా సంగతి ఊరంతా తెలియజెయ్యాలంటే, ఆయన్ని పక్కకి పిలిచి "ఎవరికీ చెప్పకండి" అంటారు. అంతే చాలు. చర్చి ఫాదర్ గారి అరవయ్యో పుట్టినరోజుకి అందరూ గుట్టుగా విందు ఏర్పాటు చేస్తుంటే, కేకు ఏ రంగుది కావాలని ఈయన ఫాదర్ గారికే ఫోన్ చేశాడు.

అలాంటి మనిషికి తాను పనిచేసే, యుద్ధనౌకలు బాగుచేసే యార్డులోనే పెద్ద వెల్డరు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే, ఈయన నోరు అదుపులో పెట్టుకోగలడని ప్రభుత్వం నమ్మి క్లియరెన్స్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉన్న పనీ ఊడుతుంది. మేనకోడలు రోవెనా తల పట్టుకుంది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ ఆయనింట్లోనే ఉంటోంది కాబట్టి, ఆ కాగితాల గోలంతా ఆమె నెత్తినే పడింది.

ఫారంలో విదేశాల్లో దగ్గరి బంధువులెవరని అడిగారు. తోబుట్టువుల పేర్లు చెప్పి ఊరుకోవచ్చుగా? చర్చిలో బాప్తిస్మమప్పుడు తాను జ్ఞానతండ్రిగా నిలబడ్డ పిల్లలందర్నీ రాయమని కూర్చున్నాడు. వాళ్లు రక్తసంబంధం కాదు మొర్రో అంటే వినడే.

"వాళ్ల పేర్లు రాయలేదని తెలిస్తే ఏమనుకుంటారే?"

"నువ్వు చెబితేనే గదా మావయ్యా తెలిసేది!"

"చెప్పకుండా ఎలా ఉంటాను?" అన్నాడు అమాయకంగా.

అప్పుల దగ్గరికొచ్చేసరికి రోవెనాకి ఒళ్లు మండింది. క్రెడిట్ కార్డుల మీద బోలెడు పాత బాకీ, ఇంకా నెలనెలా కడుతూనే ఉన్నాడు. క్యాసినోలో పోగొట్టానని ఏళ్ల తరబడి అందరికీ తనే నవ్వుతూ చెప్పుకుంటాడు. జూదగాడికి ఏ ప్రభుత్వం రహస్యాలు అప్పగిస్తుంది? తాను చర్చివాళ్ల స్కాలర్‌షిప్పుతో చదివి పైకొస్తే, ఈయన సంపాదించిందంతా పేకాటలో తగలేశాడని దులిపేసింది. ఆయన అప్పుల పేజీ మాత్రం తనే నింపుకుంటానని లాక్కున్నాడు.

విచారణకొచ్చిన విట్లాక్ అనే అధికారి రోవెనాని విడిగా కూర్చోబెట్టి, మీ మావయ్య రహస్యం దాచగలడా అని అడిగాడు. ఆమెకి అబద్ధం చేతకాదు. నీళ్లు నమిలి నమిలి, "ఒక్కటైనా దాచగా నేను చూడలేదండీ" అంది. జూదమాడతాడా అంటే, ఆడానని ఆయనే అంటుంటాడని ఒప్పుకుంది. చేతులారా మావయ్య కొంప ముంచానని ఆ సాయంత్రమంతా ఏడ్చింది.

ఆదివారం ఫిలిప్పీన్స్‌లో, ఇలోయిలోలో ఉన్న తల్లికి ఫోన్ చేసి తన గోడు వెళ్లబోసుకుంది. తల్లి ఇక ఉండబట్టలేక కక్కేసింది.

"జూదమేంటే? అన్నయ్య జన్మలో పేక ముట్టుకోలేదు. చర్చివాళ్ల దగ్గర స్కాలర్‌షిప్పులెక్కడివే? నీ ఫీజులన్నీ కట్టింది ఆ కార్డులే. సొంత తెలివితో చదువుకున్నానని నువ్వు తలెత్తుకు తిరగాలని ఆయన పంతం."

రోవెనా వెంటనే విట్లాక్‌కి ఫోన్ చేసి, తన జవాబు తప్పు, దిద్దుకోమంది.

"కాలేజీ రసీదులు నా దగ్గరే ఉన్నాయమ్మా" అన్నాడాయన. "మీకు తెలియకూడదని మీ మావయ్య మొదట్లోనే నా దగ్గర మాట తీసుకున్నారు."

క్లియరెన్స్ వచ్చేదాకా రోవెనా నోరు బిగబట్టుకుంది. వచ్చిన రోజు వంటింట్లోకి వెళ్లి, వెల్లుల్లి అన్నం వేయిస్తున్న మావయ్యని వెనకనుంచి వాటేసుకుని, అంతా తెలిసిపోయిందని చెప్పింది.

మావయ్య ముఖం కందగడ్డయింది.

"మీ అమ్మ చెప్పిందా? చిన్నప్పట్నుంచీ అంతే. దాని నోట్లో నువ్వుగింజ నానదు!"