దొర రాసిన సముద్రం

మొన్న సోమవారం నాకు నౌకరి ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. రాకముందే పోయింది, గదీ నా తెలివి! నవ్వుతె నవ్వుండ్రి గని చాయ్ మాత్రం మీరే తాపియ్యాలె.

కోరుట్లల ఒక ప్రైవేట్ స్కూల్ల ఇంగ్లిష్ సారు పోస్టు. పది గంటలకు డెమో క్లాసు. కొడుకు సారైతడని మా అవ్వ బీడీలు చేసి చేసి నన్ను బీఎడ్ చదివించింది. మూడేండ్ల సంది ఇంట్లనే కూసున్న. ఈసారన్న కొట్టాలె అనుకున్న. పాఠమేంది? బ్రిటిషోళ్ల కాలంల ఎవలో తెల్లాయన సముద్రపు ఒడ్డు మీద రాసిన పద్యం. నేను సముద్రం చూసిన్నా? మా తాత చూసిండా? అయినా కాయితం మీద ప్రతి లైను కింద తెలుగుల అర్థం గుండ్రంగ రాసుకున్న. గదే కొంప ముంచింది.

నక్సలైట్లు కల్వర్టు పేల్చినప్పటి సంది జగిత్యాల బస్సులన్ని ఆపి చూస్తున్నరు గదా. మేడిపల్లి దాటంగనే మా బస్సు ఆపిండ్రు. నా సంచిల కాయితం దొరికింది. ఎస్సై గట్టిగ చదివిండు: "తూర్పు ఎర్రబడింది. అలలు లేచాయి. గట్టును కొట్టి కూలుస్తాయి."

నా పక్క సీటాయన దూరం జరిగి కూసున్నడు.

"దిగు" అన్నడు. దిగిన. ఇద్దరు కానిస్టేబుళ్లు గన్నులు పట్టుకొని చెరో దిక్కు నిలబడ్డరు. బస్సు పోయింది.

"అలలంటే ఎవరు?"

"అలలే సార్. నీళ్లు."

"గట్టు ఎవరిది?"

"సముద్రానిది సార్."

"కోరుట్లలో సముద్రం ఎక్కడుందయ్యా?"

ఎట్లన్న బయటపడుదామని, "సార్, నేను రాయలే. దొర రాసిండు!" అన్న. తెల్లదొర అనాలె గదా! 'తెల్ల' నోట్లకెళ్లి రాలే. ఉత్త దొరంటె మన దిక్కు ఊరి భూస్వామేనాయె!

ఎస్సై కండ్లు పెద్దగైనయి. "ఏ దొర? ఏ ఊరి దొర? కూల్చేది దొర గట్టా?"

అయిపాయె! నన్ను రోడ్డు పక్క నిలబెట్టి మొదటి లైను సంది ఆఖరి లైను దాక చెప్పమన్నడు. ఇంగ్లిష్ చదివిన, అర్థం చెప్పిన, అల ఎట్ల లేస్తదో చేతులూపి చూపిచ్చిన. ఆయన సముద్రం దిక్కోడేనట! "అల అట్లా లేవదయ్యా" అని తిట్టి, మళ్ల చేపిచ్చిండు. ఇప్పుడు నవ్వొస్తది. గప్పుడు యాడ నవ్వు? గిట్ల దింపినోళ్లల్ల కొందరు మళ్ల ఇంటికి రానే రాలే, మీకు తెల్వనిదా?

ఇడిసిపెట్టేసరికి పన్నెండు. స్కూలుకు ఉరికిన. కరస్పాండెంటు గేటు కాడనే ఆపి, "పోలీసులు దింపిన మనిషివట. నీకెట్ల ఇయ్యాలె తమ్మీ?" అన్నడు. డెమోకు పోతున్ననని బస్సుల అందరికి చెప్పుకుంటి, ఆళ్లే నాకంటె ముందు పోయి ముచ్చట చెప్పిండ్రు మరి. ఇంటికొచ్చి పోస్టు నిండిపోయిందట అవ్వా అన్న. ఆమె బీడీల చాట ఒళ్లె పెట్టుకుంది. నా కడుపు మండింది, ఎవలి మీదనో గూడ తెల్వదు.

గని డెమో చెప్పలేదని మాత్రం అనకుండ్రి. రెండు గంటలు చెప్పిన! ఇన్నది ముగ్గురే, అయినా ఒక్కడు కునుకు తియ్యలే, ఒక్క డౌటు ఇడిసిపెట్టలే. గంత శ్రద్ధగ ఇనే క్లాసు నాకు జిందగీల మళ్ల దొరుకదు!