సలోమి మేడం భుజం మీది సైకిల్

ఆరబోసిన కొత్త వడ్ల వాసన కాస్త ఘాటుగా ఉంటుంది, నూగు ముక్కులోకి పోతే తుమ్ములు కూడా వస్తాయి. ఈ ఉదయం త్రిపురారం రోడ్డు మలుపు తిరగగానే ఆ వాసన తగిలింది. తలెత్తి చూస్తే తారు రోడ్డు సగం మేర వడ్లు, అంచు వెంబడి వరుసగా రాళ్లు. నా కాళ్లు నన్నడగకుండానే తొక్కడం ఆపేశాయి. దిగి, సైకిల్ నడుమ కడ్డీ కింద భుజం దూర్చి, పైకెత్తుకుని రోడ్డు పక్క మట్టిలోకి నడిచాను. వెనక బండి మీద వస్తున్న కుర్రాడు నన్ను చూసి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నవ్వనీ. ఒకప్పుడు నేనూ సలోమి మేడంను చూసి ఇలాగే నవ్వాను.

సలోమి మేడం మా హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు. నేను అక్కడ లెక్కల టీచరుగా చేరేనాటికి ఆమె రిటైర్మెంటుకు దగ్గర పడింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. కూలి చేసుకునే ఇంట్లో పుట్టానని ఎవరడిగినా చెప్పేది, గొప్పగానూ కాదు, జాలిగానూ కాదు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. ఆ ఏడు సూర్యాపేటలో సైకిళ్ల మీద తిరిగే మిత్రులు కొందరు ఒక యాత్ర పెట్టారు. తెల్లవారుజామున సూర్యాపేటలో బయలుదేరి కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా పొద్దుగూకేలోపు మిర్యాలగూడ చేరాలి. అలా చేరిన ఒక్కొక్కరి పేరిట, బస్సు లేని ఊరి నుంచి బడికొచ్చే ఒక ఆడపిల్లకు సైకిల్ ఇస్తారు. పొద్దుగూకాక వచ్చినవాళ్లకు చప్పట్లు మాత్రమే. మా తొమ్మిదో తరగతిలో శిరీష, మౌనిక అని ఇద్దరు పిల్లలుండేవారు. కాలువ అవతలి పల్లె వాళ్లది. అంత దూరం పొలాల వెంట ఇక నడిపించలేమని, బడి మాన్పిస్తామని ఇళ్లలో చెప్పేశారు. ఒకరోజు మేడం స్టాఫ్ రూములోకి వచ్చి, "పిల్లలు ఇద్దరు, మనం ఇద్దరం. పేర్లిచ్చిన," అంది. నన్ను ఒక్క మాటైనా అడగలేదు! నేను సైకిలెక్కి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు.

సైకిళ్లు కొనడానికి సూర్యాపేట వెళ్లాం. అప్పటికే ఫోనులో బోలెడు వీడియోలు చూసి నేను పండితురాలినైపోయాను. లావు టైర్లు, ముందూ వెనకా షాకులు, ఎర్ర రంగు, అలాంటిదే కావాలని పట్టుబట్టాను. కొట్టతను మేడం ముందు మాత్రం బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ తెచ్చి పెట్టాడు.

"ఇది వద్దు. నడిమిట్ల కడ్డీ ఉన్నది సూపియ్యి."

"చీరెతోని ఎక్కరాదు మేడం మీకు."

"పంజాబీ డ్రెస్ ఏస్కుంట. నాకు కడ్డీ కావాలె."

అతను తెచ్చిన సైకిల్‌ను ఆమె ఎక్కి చూడలేదు. కడ్డీ కింద భుజం పెట్టి లేపి, చివరి గోడ దాకా మోసుకుపోయి తిరిగొచ్చింది. "బరువున్నది, ఇంకోటి తియ్యి," అంది. కొట్లో ఉన్నవన్నీ అలా ఆమె భుజమెక్కి దిగాయి. నేను నవ్వాపుకోలేక కాసేపు బయట నిలబడ్డాను. చివరికి ఒక బక్కపాటి సైకిల్ ఆమెకు నచ్చింది. దానికున్న స్టాండు, వెనక క్యారియరు కూడా విప్పించేసింది. తర్వాత నా ఎర్ర సైకిల్ వంక తిరిగి, "ఏదీ, ఎత్తు," అంది. ఎత్తాను గానీ నాలుగడుగులు వేయలేకపోయాను.

"అది నిన్ను మోస్తది, మంచిదే. నువ్వు దాన్ని మోస్తవా?"

"నేనెందుకు మొయ్యాలె మేడం?"

"కోతల కాలం సంధ్యా. రోడ్డంత మనకే ఇడిసిపెట్టరు."

ఆ మాట నా బుర్రకెక్కలేదు. అయినా ఆమెతో వాదించే ధైర్యం మా బడిలో ఎవరికుంది? నేనూ అలాంటి బక్క సైకిలే కొనుక్కుని, ఇంటిదాకా మూతి ముడుచుకునే ఉన్నాను.

కొన్ని వారాలు కాలువ గట్టు మీద సాధన చేసి, అనుకున్న రోజు బయలుదేరాం. కోదాడలో ఇడ్లీ పెట్టినాయన, "ఎక్కడిదాకా వెళ్తున్నారండీ?" అని అడిగాడు. మిర్యాలగూడ అంటే ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూశాడు. హుజూర్‌నగర్ దాటాక అసలు సంగతి మొదలైంది. మా వైపు సగం రోడ్డు మీద వడ్లు, అవతలి సగంలో మిల్లుల లారీలు. పక్కకు దిగితే, ముందురోజు జల్లుకు తడిసిన నల్లరేగడి. అందులో చక్రం పెడితే మట్టి ముద్దలుగా పట్టుకుని కదలదు. మాకన్నా ముందు పోయినవాళ్ల టైర్ల గీతలు వడ్ల మీదే కనిపిస్తున్నాయి. మేడం దిగి, సైకిల్ భుజానికెత్తుకుని బురదలో నడిచింది. వడ్లు అయిపోయాక ఎక్కింది. కాస్త దూరం పోగానే మళ్లీ వడ్లు, మళ్లీ దిగింది. పొద్దు వాలుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మేడం, వడ్ల మీదికెల్లి పోదాం. ఎదురెదురైతే లారీలే తొక్కుతున్నయ్, మన సైకిల్ ఎంత? పొద్దు పోతే పిల్లల సైకిళ్లు పోతయ్."

"శిరీష వాళ్లమ్మ ఇయ్యాల గిట్లనే ఏదో రోడ్డు మీద వడ్లు తిరగేస్తుంటది. బిడ్డ సైకిల్ కోసం తల్లి వడ్లు తొక్కుకుంట పోదామా?"

నేను నా సైకిల్ ఎత్తుకున్నాను.

ఇంకొంత దూరం పోయాక, కాలితో వడ్లు తిరగేస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి ఆగింది. "ఓ బిడ్డా, గట్ల మోసుకుంట పోతరేంది? మీదికెల్లే పోండ్రి, ఏమనను."

"తినే వడ్లు ఎట్ల తొక్కాలె అవ్వా?" అంది మేడం, ఆయాసపడుతూనే. ఎందుకింత తొందరో నేను చెప్పాను. ముసలమ్మ నడుముకున్న సంచిలోంచి చిన్న ఫోను తీసి, ముందున్న ఊళ్లో తన చెల్లెలికి చేసి అరిచింది. "ఇద్దరు టీచర్లు సైకిళ్ల మీద వస్తున్నరు. వడ్లు తొక్కుతలేరు, మోసుకుంట నడుస్తున్నరు. ఆడపిల్లల కోసమంట. జర తొవ్వ ఇడువుండ్రి!"

తర్వాతి మలుపులో చూసిన దృశ్యం నేను పోయేదాకా మరచిపోను. పరిచిన వడ్ల నడుమ చీపురు వెడల్పున నల్లటి తారు కనిపిస్తోంది. అప్పుడే ఊడ్చిన దారి అది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు చీపుర్లతో నిలబడి ఉన్నారు. ఆ తర్వాతి చోటా అంతే, దాని తర్వాతా అంతే. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో తెలియదు. మేం పోయే దారి మాకన్నా ముందే పరుగెత్తుతోంది. కళ్లనీళ్లతో నాకు రోడ్డు సరిగా కనిపించలేదు. హ్యాండిల్ వదిలి దండం పెట్టలేక, మేడం ప్రతి ఒక్కరి ముందూ బెల్లు కొట్టుకుంటూ పోయింది.

మిర్యాలగూడ చేరేసరికి మిల్లుల పొగగొట్టాల వెనక సూర్యుడు ఇంకా ఎర్రగా ఉన్నాడు. చేరినవాళ్లలో చివరి ఇద్దరం మేమే. మేడం భుజం కమిలిపోయింది. నొస్తున్నదా అని అడిగితే, "మరి నొయ్యదా?" అని నవ్వింది. వారం తిరక్కముందే శిరీష, మౌనిక బెల్లులు మోగిస్తూ బడి గేటు లోపలికొచ్చారు. ఆ రోజు మేడం గొంతు గేటు దాకా వినిపించలేదు.

ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను తలచుకుంటే దుఃఖం కన్నా ముందు ఆశ్చర్యమే కలుగుతుంది, అలాంటి మనిషి పక్కన నేను సైకిల్ తొక్కానా అని. ఈ ఉదయం మట్టిలో నడుస్తుంటే, వడ్లకు కాపలా ఉన్న ఒకామె లేచి నిలబడింది.

"గా సైకిల్ మోసే మేడం నువ్వేనా?"

"కాదమ్మా. ఆమె లేదిప్పుడు. నేను ఆమె కింద పనిచేసినదాన్ని."

"అయితేంది, నువ్వు గూడ మోస్తున్నవ్ గద," అంటూ ఆమె చీపురు అందుకుంది.